ఆ 7–0 మ్యాచ్‌లో బ్రూనోని అంతలా తిట్టడం న్యాయమేనా?

ప్రశ్న: 2023లో లివర్‌పూల్ చేతిలో మాంచెస్టర్ యునైటెడ్ 7–0తో ఓడినప్పుడు కెప్టెన్ బ్రూనో ఫెర్నాండెజ్‌ని అందరూ దుమ్మెత్తిపోశారు. అది న్యాయమేనా? అసలు మిడ్‌ఫీల్డ్‌లో ఆడే కెప్టెన్ ఆటని ఎలా చూడాలి?

నేను యునైటెడ్ మనిషిని, ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. 2008 మేలో మాస్కోలో చెల్సీతో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ని హాస్టల్ టీవీ రూములో, వార్డెన్ లేచొస్తాడేమోనని సౌండ్ మొత్తం తీసేసి చూసినప్పటి నుంచీ ఇదే పిచ్చి. కాబట్టి నా జవాబులో పక్షపాతం ఉంటుంది, అది తీసేసి చదువుకోండి. ఇంకో సంగతి, ఆ రాత్రి బ్రూనోని తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. "ఆ కెప్టెన్ పట్టీ విప్పి కేసమీరో చేతికి కట్టండ్రా" అని మా వాట్సాప్ గ్రూపులో ఐదారు సార్లు పెట్టాను.

2023 మార్చి 5, ఆదివారం. మ్యాచ్ మనకి రాత్రి పదింటికి. ఆ రోజు నేను గుంటూరు బ్రాడీపేటలో అత్తగారింట్లో ఉన్నాను. నేను చేసిన మొదటి తప్పు అదే, ఎందుకంటే మా బామ్మర్ది లివర్‌పూల్ వీరాభిమాని. మా మామగారికి ఎన్టీఆర్ ఎంతో వాడికి లివర్‌పూల్ పాత కెప్టెన్ గెరార్డ్ అంత. సరిగ్గా వారం ముందు, ఫిబ్రవరి 26న, వెంబ్లీలో న్యూకాసిల్‌ని 2–0తో కొట్టి మేం లీగ్ కప్ గెలిచాం. 2017 తర్వాత మాకొచ్చిన మొదటి కప్పు అది. బ్రూనో, అప్పటి క్లబ్ కెప్టెన్ మాగ్వైర్ ఇద్దరూ కలిసి దాన్ని పైకెత్తిన ఫొటో నా ఫోన్ వాల్‌పేపర్. ఆ ఊపులో విజయవాడలో బస్సెక్కుతూనే బామ్మర్దికి ఫోన్ చేసి, "ఏరా, రాత్రికి బిర్యానీ నీ ఖర్చే" అని పందెం కూడా కట్టేశాను.

మొదటి 40 నిమిషాలు మా వాళ్ళు ఏమంత చెత్తగా ఆడలేదు. ఈ మాట అంటే ఇప్పుడెవరూ నమ్మరు. బ్రూనోకి ఒక మంచి హెడర్ దొరికి పక్కకి పోయింది, కేసమీరో గోల్ ఒకటి ఆఫ్‌సైడ్ అయింది. 43వ నిమిషంలో లివర్‌పూల్ ఆటగాడు గాక్పో కొట్టాడు. సరే, ఒకటే కదా అనుకున్నాను. హాఫ్‌టైమ్ అయ్యాక 47లో నూన్యెజ్, 50లో మళ్ళీ గాక్పో. ఆ తర్వాత 66లో సలా, 75లో నూన్యెజ్, 83లో సలా, 88లో ఫిర్మీనో. నాలుగో దానికో ఐదో దానికో లోపలి గదిలోంచి అత్తయ్య, "అర్ధరాత్రి ఏంట్రా ఆ గోల?" అని కేకేసింది. "ఒక్క గోల్ కాదమ్మా, లెక్కపెట్టుకుంటూ ఉండు" అన్నాడు మా వాడు. 1931 తర్వాత యునైటెడ్ ఇంత ఘోరంగా ఓడటం అదే మొదలని మర్నాడు పేపర్లో చదివాను. బిర్యానీ డబ్బులు నేనే కట్టాను.

టీవీ వాళ్ళు రెండో సగమంతా బ్రూనోనే చూపించారు. చేతులు బార్లా చాచడం, పాస్ రాకపోతే ఆగిపోయి తల ఊపడం, లైన్స్‌మన్ వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టు కనిపించడం, బెంచీ వైపు తిరిగి నన్నెందుకు తియ్యరు అన్నట్టు సైగ చెయ్యడం. యునైటెడ్‌కే కెప్టెన్‌గా చేసిన గ్యారీ నెవిల్ కామెంటరీలో అతని ప్రవర్తనని ఉతికి ఆరేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే గుంటూరు బస్టాండు నుంచి బెజవాడ వచ్చేలోపు గ్రూపులో మూడు ముఠాలు తయారయ్యాయి. పట్టీ పీకెయ్యాలనేది మొదటి ముఠా, నేను అందులోనే. తప్పంతా మేనేజర్ టెన్ హాగ్‌దే అనేది రెండోది. స్ట్రైకర్ వెనక బ్రూనోకి అలవాటైన చోట పొడుగాటి వేగ్‌హోర్స్ట్‌ని పెట్టి, ఇతన్ని ఎడమ పక్కకి పంపాడు కదా అని వాళ్ళ వాదన. అందులో నిజం ఉంది, కానీ ఏడు గోల్స్‌కి సరిపడా నిజం కాదు. మూడోది పెద్దవాళ్ళ ముఠా. "రాయ్ కీన్ ఉంటేనా…" అని మొదలెట్టారంటే మంగళగిరి దాటేదాకా ఆపరు. 1999 ఏప్రిల్‌లో టూరిన్‌లో, ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో యువెంటస్ మీద 11 నిమిషాలకే 2–0 వెనకబడితే అప్పటి మా కెప్టెన్ కీన్ తలతో మొదటి గోల్ కొట్టి, ఎల్లో కార్డుతో ఫైనల్ చేజారినా చివరిదాకా ఆడి 3–2తో గెలిపించాడని మనకందరికీ కంఠతా వచ్చు. అయితే ఆ ఫైనల్ కీన్ లేకుండానే గెలిచారన్న సంగతి మాత్రం ఎవరూ గుర్తు చెయ్యరు.

నాది ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. అదే వారంలో ఒక డ్రైవర్ వచ్చి గేరుబాక్సు పోయింది, సామాను కావాలన్నాడు. గేరు రాడ్డు తెగ వణుకుతోందట. ఎదురు షెడ్డు మేస్త్రీ కిందకి దూరి చూసి, ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు పోయాయని తేల్చాడు. వణుకు చేతికి తగిలేది రాడ్డు దగ్గర కాబట్టి ఎవరైనా రాడ్డునే తిడతారు. అప్పుడు కూడా నాకు బ్రూనో గుర్తు రాలేదు. నిజం చెప్తున్నా. గుర్తొచ్చింది ఇంకో రెండు వారాలకి, నా తల బొప్పి కట్టాక.

నేను ఆదివారాలు ఆడతాను. ఆటోనగర్, పటమట కుర్రాళ్ళం కలిసి ఒక జట్టు. టర్ఫులన్నీ క్రికెట్ వాళ్ళే బుక్ చేసుకుంటారు కాబట్టి మాకు దొరికేవి గడ్డి తక్కువ, రాళ్ళెక్కువ ఉన్న గ్రౌండ్లే. నేను మధ్యలో ఆడతాను, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి కెప్టెన్ని. కెప్టెన్ అంటే బంతి కొనేది, నీళ్ళ క్యాన్లు మోసేది, రానివాళ్ళకి ఫోన్లు చేసేది కూడా నేనే. మా బామ్మర్ది వాళ్ళ జట్టుతో గుంటూరులో మ్యాచ్ పెట్టుకున్నాం. తొమ్మిదింటికే ఎండ నడినెత్తికొచ్చింది. గంట ఆటలో దాదాపు 40 నిమిషాలు 0–0. అప్పుడు మా గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారి లోపలికి పోయింది. వాడికి పంతొమ్మిదేళ్ళు, లేత్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు.

ఆ తర్వాత నేనేం చేశానో నాకు బాగానే గుర్తుందనుకున్నాను. అందరినీ ఉత్సాహపరిచాను, ముందుండి నడిపించాను, అయినా అదృష్టం లేక 3–0తో ఓడిపోయాం. ఇదీ నా లెక్క. సాయంత్రం బామ్మర్ది ఒక వీడియో పంపాడు. వాళ్ళ స్నేహితుడెవరో గట్టు మీద కూర్చుని ఫోన్లో తీసింది. పైన ఒక లైన్ రాశాడు: "బావా, బ్రూనో దొరికాడు."

చూస్తే నిజంగానే చేతులు బార్లా చాచి ఉన్నాను. పాస్ ఇవ్వనివాడి వైపు చేతులు, బంతి పోగొట్టుకున్నవాడి వైపు చేతులు, ఆకాశం వైపు చేతులు. సిగ్గేసింది. కానీ అసలు సంగతి చేతులు కాదని రెండోసారి చూశాక అర్థమైంది. గోల్ పడగానే నేను బంతి తీసుకుని సెంటర్‌కి పరిగెత్తాను. "పైకి రండ్రా, పైకి రండి!" అని అరుస్తున్నాను. అందరూ పైకొచ్చేశారు, నాతో సహా. మా డిఫెన్స్ ముందు, అంటే నేను ఉండాల్సిన చోట, పెళ్ళి అయిపోయాక పందిరిలాగా ఒక్కడు లేడు. బంతి పోయింది, వాళ్ళు రెండు పాసుల్లో మా గోల్ దగ్గరున్నారు. మొదటి గోల్‌కీ రెండో గోల్‌కీ మధ్య రెండు నిమిషాలు కూడా లేవు. మూడోది వెయ్యడం వాళ్ళకి పెద్ద పనేం కాలేదు.

మర్నాడు మా గోల్‌కీపర్ షాపుకి బేరింగులకని వచ్చాడు. టీ తాగుతూ ఊరికే అడిగాను, నిన్న నేను ఎలా ఆడానురా అని. కాసేపు నసిగి చెప్పాడు. "మొదటి గోల్ నా తప్పేనన్నా. నువ్వు తిడతావనుకున్నా. తిట్టలేదు. అసలు నా వైపు చూడనేలేదు. రెండోది పడేదాకా నాకు కాళ్ళు ఆడలేదు."

ఆ రాత్రి అన్నం తిన్నాక హాట్‌స్టార్ తెరిచి ఆ 7–0 మ్యాచ్ మళ్ళీ పెట్టాను. మా ఆవిడ నా మొహం వంక చూసి ఏమీ అనకుండా లోపలికెళ్ళిపోయింది. ఈసారి బంతిని చూడలేదు, కెమెరాకి దొరికినంత సేపూ బ్రూనోనే చూశాను. హాఫ్‌టైమ్ దాకా వెనక్కి పరిగెత్తుతూనే ఉన్నాడు, అందులో వంక పెట్టడానికి లేదు. మొదటి గోల్ లివర్‌పూల్ డిఫెండర్ రాబర్ట్‌సన్ వైపు నుంచి వచ్చింది, అది బ్రూనో ఆడుతున్న పక్క కాదు. ఆరు గోల్స్ పడ్డాక అతను చేతులు ఊపడం, నడుస్తూ ఉండిపోవడం చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, నిజమే. కానీ అప్పటికి మ్యాచ్ అయిపోయింది. అప్పుడు దండం పెట్టి నిలబడ్డా 7–0, చిందులు తొక్కినా 7–0.

నా మట్టుకు అసలు మ్యాచ్ 47వ నిమిషానికీ 50వ నిమిషానికీ మధ్య ఉంది. 2–0. ఊరు వాళ్ళది, గ్రౌండ్ వాళ్ళది, జనం నెత్తి మీద కూర్చుని అరుస్తున్నారు. ఇంకా 40 నిమిషాల పైన ఆట ఉంది. అప్పుడు కెప్టెన్ చెయ్యాల్సిన పని ఒకటే, ఆటని చంపెయ్యడం. బంతిని వెనక్కి ఇప్పించడం, డిఫెన్స్ దగ్గర నాలుగు పాసులు తిప్పించడం, అవసరమైతే మధ్య గీత దగ్గర చిన్న ఫౌల్ చేసి, రిఫరీతో ఒక నిమిషం వాదించి, ఊపిరి తీసుకునే సందు ఇవ్వడం. గోల్ తిన్న జట్టుకి చెవులు దిబ్బడేస్తాయి. కోచ్ కేకలు వినపడవు, ఆ హోరులో అసలే వినపడవు. గ్రౌండ్ లోపల ఉన్నవాడే చెప్పాలి. మధ్యలో ఆడేవాడికి ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ ఇద్దరూ దగ్గరే కాబట్టి ఆ పని అతనికే సులువు. గోల్‌కీపర్ కెప్టెనైతే స్ట్రైకర్‌కి కేక వినపడదు, స్ట్రైకర్ కెప్టెనైతే వెనక ఏం జరుగుతోందో కనపడదు.

మా వాళ్ళు ఆ మూడు నిమిషాల్లో ఏం చేశారు? గోల్ తిరిగివ్వాలని ఎగబడ్డారు. బంతి పోయింది, సలాకి కుడిపక్క పొలమంత ఖాళీ దొరికింది. మా డిఫెండర్ లిసాండ్రో మార్టినెజ్‌ని ఒక తిప్పు తిప్పి గాక్పోకి అందించాడు. 3–0. నేను గుంటూరులో తిన్న రెండో గోలూ ఇదీ ఒకే అచ్చు, ఆడినవాళ్ళ స్థాయి తప్ప.

అందుకే నా తీర్పు: బ్రూనోని తిట్టడం న్యాయమే, తిట్టిన కారణం మాత్రం తప్పు. మేం 80వ నిమిషంలో అతని చేతులు చూసి తిట్టాం. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే. 48వ నిమిషంలో అతని గొంతు వినపడలేదని తిట్టి ఉంటే అది ఫుట్‌బాల్ తెలిసిన తిట్టు. ఆ మాటకొస్తే కేసమీరోని, డిఫెండర్ వరాన్‌ని కూడా అడగాలి. వాళ్ళిద్దరి ఇంట్లో రియల్ మాడ్రిడ్‌తో గెలిచిన ఛాంపియన్స్ లీగ్ మెడల్స్ గుత్తులుగా వేలాడుతుంటాయి, ఇలాంటి సమయంలో ఏం చెయ్యాలో వాళ్ళకి ఒకరు నేర్పాలా?

ఈ వాదన మా బామ్మర్ది ముందు పెడితే మొదట నవ్వాడు. "ఏడు గోల్స్ తిని కూడా తెలివితేటలు తగ్గలేదు బావా నీకు" అన్నాడు. అప్పుడు నేను గెరార్డ్ పేరెత్తాను. మా ఇంట్లో ఆ పేరు ఎత్తడం అంటే సంక్రాంతికి అల్లుడికి కట్నం సంగతి గుర్తుచేసినట్టే.

2014 ఏప్రిల్ 27. రాష్ట్రం విడిపోబోతున్న రోజులు, వీధుల్లో ఎన్నికల మైకుల హోరు. లివర్‌పూల్ వరసగా 11 మ్యాచ్‌లు గెలిచి, 1990 తర్వాత మొదటి లీగ్ టైటిల్‌కి గుమ్మం దాకా వచ్చింది. చెల్సీతో సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో మ్యాచ్. మొదటి సగం ముగియబోతుండగా సాకో ఇచ్చిన పాస్ గెరార్డ్ కాలి కింద నుంచి జారింది, అందుకోబోయి అతనూ జారిపడ్డాడు. చెల్సీ స్ట్రైకర్ డెంబా బా బంతి పట్టుకుని వెళ్ళి గోల్ కొట్టాడు. లోకమంతా ఆ జారడం గురించే మాట్లాడింది, ఇప్పటికీ మాట్లాడుతుంది. కానీ జారడం తప్పెలా అవుతుంది? పచ్చిక మీద ఎవరైనా జారతారు. ఆ తర్వాత రెండో సగంలో, చేసిన పొరపాటు తనే దిద్దుకోవాలని, దూరం నుంచి షాట్ మీద షాట్ కొడుతూ పోయాడు చూశారా, అదీ కెప్టెన్‌గా చేసిన తప్పు. అందరూ అతని వైపే చూస్తున్నారు, అతను గోల్ వైపే చూస్తున్నాడు. చివర్లో చెల్సీకి విలియన్ రెండోది వేశాడు.

బామ్మర్ది మాట్లాడలేదు. తర్వాత వాడే అన్నాడు, "అది కాదు బావా, క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్ చెప్పు. నేను ఏడ్చింది దానికి." మే 5న అది. 79వ నిమిషం దాకా లివర్‌పూల్ 3–0. గోల్స్ తేడాలో మాంచెస్టర్ సిటీని అందుకోవాలని ఇంకా ఇంకా పైకెళ్ళారు. 79లో ఒకటి, 81లో ఒకటి, 88లో ఒకటి. 3–3. టైటిల్ సిటీకి పోయింది, రెండే పాయింట్ల తేడాతో. 79కీ 81కీ మధ్య "ఆగండ్రా" అనేవాడు కావాలి. గెరార్డ్ అంతటివాడు ఉండి కూడా అది జరిగింది. కాబట్టి ఈ పని బయట నుంచి మనకి కనిపించినంత తేలిక కాదని కూడా ఒప్పుకోవాలి.

మీ ప్రశ్న రెండో భాగానికి నా దగ్గర పెద్ద సూత్రాలేం లేవు. ఈసారి మీ జట్టు గోల్ తింటే రీప్లే చూడకండి. రీప్లే అయ్యేలోపు కెప్టెన్ ఎవరి దగ్గరికి వెళ్తున్నాడో కెమెరా ఒక్క సెకను చూపిస్తుంది, అది పట్టుకోండి. తప్పు చేసినవాడి దగ్గరికా, రిఫరీ దగ్గరికా, ఎవరి దగ్గరికీ కాదా. తర్వాత ఆట మొదలయ్యాక మొదటి మూడు పాసులు ఎటు పోతున్నాయో చూడండి. మూడూ ముందుకే పోతే టీవీ కట్టేసినా నష్టం లేదు. పాస్ శాతాలు, మీటర్ల లెక్కలు యాప్‌లో వస్తాయి, నేను కూడా చూస్తాను, కానీ వాటిలో ఇది రాదు.

ఆ తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. నాలుగు రోజులకి రియల్ బేటిస్‌తో మ్యాచ్. టెన్ హాగ్ ఆ ఏడు తిన్న పదకొండు మందినే, ఒక్కణ్ణి కూడా మార్చకుండా దించాడు. 4–1తో గెలిచారు, బ్రూనో తలతో ఒక గోల్ వేశాడు. మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నరకి మొదలైంది, మర్నాడు షాపులో కూర్చుని కునికిపాట్లు పడ్డాను. జూలైలో పట్టీ పూర్తిగా అతనికే కట్టారు. 2024 మేలో సిటీ మీద 2–1తో ఎఫ్ఏ కప్ గెలిచినప్పుడు మైనూ కొట్టిన రెండో గోల్‌కి పాస్ బ్రూనోదే. పట్టీ పీకెయ్యమన్న నా మెసేజీలు గ్రూపులో ఇంకా ఉన్నాయి, తీసేద్దామంటే అప్పటికే అందరూ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నారు. చేతులు మాత్రం ఇప్పటికీ ఊపుతాడు. అది పోదు.

నా సంగతి. ఆ తర్వాతి మ్యాచ్‌లో మళ్ళీ ముందు మేమే గోల్ తిన్నాం. బంతి తీసుకుని నడుచుకుంటూ మా గోల్‌కీపర్ దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో తోచలేదు. "గ్లవుజు సరిగ్గా కట్టుకోరా" అన్నాను. వాడు నవ్వాడు. పది నిమిషాలు వెనకే పాసులు తిప్పుకున్నాం, బయట కూర్చున్నవాళ్ళు నిద్రొస్తోందని గోల చేశారు. ఒకటి తిరిగిచ్చాం కూడా. చివర్లో ఇంకోటి తిని 2–1తో ఓడిపోయాం. వేసింది మా బామ్మర్దే. వాడు నాకు ఫోన్‌పేలో ఎప్పుడు డబ్బులు పంపినా ఇవ్వాల్సినదాని మీద 7 రూపాయలు ఎక్కువ వేస్తాడు. నేను తిరిగి పంపను.